నూనె తీసిన నాచు పిప్పితో పైరోలిసిస్ ఇంధనం: కిలో బ్యాచ్ పద్ధతి

క్లోరెల్లా, నానోక్లోరాప్సిస్ లాంటి సూక్ష్మ నాచుల్లో ఎండు బరువు మీద 25 శాతం నూనె దిగితే మంచి పంట అనుకోవాలి. అంటే హెక్సేన్‌తో నూనె తీసేశాక కూడా ముప్పావు వంతు సరుకు పిప్పిగా మిగులుతుంది. అందులో ప్రొటీను, పిండి పదార్థాలు, తీయగా మిగిలిన కాస్త కొవ్వు, బూడిద ఉంటాయి. ఎండు పిప్పిని కాలిస్తే కిలోకు 18 నుంచి 22 మెగాజౌళ్ల వేడి వస్తుంది. ఎండు కట్టెకు ఉన్నంత సత్తా అన్నమాట. దాన్ని గాలి తగలకుండా 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి నూనె, బొగ్గు, గ్యాస్‌గా విడగొట్టడమే పైరోలిసిస్.

పని మొదలుపెట్టే ముందు ఒక్కటి తేల్చుకోండి: మీ పిప్పికి ఇంతకంటే మంచి గిరాకీ ఉందా? శుభ్రమైన నీళ్లలో పెంచి, 40 శాతానికి పైగా ప్రొటీను ఉన్న పిప్పిని కాల్చడం దండగ. ద్రావకం పూర్తిగా పోయిందని ల్యాబ్ రిపోర్టు ఉంటే అది చేపల మేతకో, కోళ్ల దాణాకో పోతుంది. చేపలు, రొయ్యల చెరువులున్న గోదావరి జిల్లాల్లో దానికి కొనేవాళ్లు దొరుకుతారు. మురుగునీటిలో పెరిగినది, బూజు పట్టినది, ద్రావకం వాసన వదలనిది, లోహాలున్నట్టు తేలినది పైరోలిసిస్‌కు రావాలి. ఇంకెవరూ తీసుకోని సరుకుకు ఇది ఆఖరి దారి.

ముందు చేయించాల్సిన పరీక్షలు

తేమ, బూడిద, నత్రజని. ఈ మూడూ తెలియకుండా రియాక్టర్ (పిప్పిని కాచే పాత్ర) నింపకండి. తేమకు 105 డిగ్రీల దగ్గర బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టి తూచాలి. బూడిదకు 2 గ్రాముల ఎండు పొడిని మూసలో వేసి మఫిల్ ఫర్నేస్‌లో 550 నుంచి 575 డిగ్రీల దగ్గర కనీసం మూడు గంటలు ఉంచాలి. నత్రజనిని పశువుల దాణా పరీక్షించే ఏ ల్యాబ్ అయినా కెల్డాల్ పద్ధతిలో చెబుతుంది. ఆ రిపోర్టులో ప్రొటీను అంకె నత్రజనిని 6.25తో హెచ్చించి రాసినది. నాచుల్లో ప్రొటీను కాని నత్రజని కూడా ఉంటుంది కాబట్టి 4.78తో హెచ్చిస్తేనే నిజానికి దగ్గరగా వస్తుంది.

బూడిద 15 శాతం లోపుంటే పని సాఫీగా సాగుతుంది. 25 దాటితే నూనె కోసం ఈ దారి వద్దు. అందులోని సోడియం, పొటాషియం లవణాలే ఉత్ప్రేరకాలుగా మారి, నూనె కావాల్సిన ఆవిరిని బొగ్గుగా, గ్యాస్‌గా విరగ్గొడతాయి. ఉప్పునీటి నాచుకు ఇదే పెద్ద బెడద. పిప్పికి పదింతల మంచినీళ్లు పోసి కలిపి, తేర్చి, వంచెయ్యండి. రెండుసార్లు చేస్తే కణాల బయట అంటుకున్న ఉప్పు చాలావరకు పోతుంది. నూనె తీసేటప్పుడే కణాలు పగిలి ఉంటాయి కాబట్టి కడుగునీటిలో కొంత ప్రొటీను కూడా కొట్టుకుపోతుంది. ఇంధనం లెక్కలో అది నష్టం కాదు, నత్రజని తగ్గుతుంది. కాకపోతే ఆ నీళ్లు ఒక్క రోజులో కుళ్లుతాయి, కాలువలోకి వదలకండి. తమిళనాడులో రామేశ్వరం, మండపం తీరం నుంచి వచ్చే సముద్రపు నాచు పిప్పి అయితే కడిగినా బూడిద చాలాసార్లు 20 పైనే నిలుస్తుంది. దాన్ని బొగ్గు కోసం కాల్చుకోవచ్చు, నూనె మీద ఆశ పెట్టుకోవద్దు.

నాచును నీళ్ల నుంచి ఎలా పట్టారో కూడా కనుక్కోండి. పటికతో పేరబెట్టి ఉంటే అల్యూమినియం అంతా బూడిదలో చేరుతుంది, సల్ఫేటు వల్ల గ్యాస్‌లో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. సెంట్రిఫ్యూజ్‌తోనో, కైటోసాన్‌తోనో పట్టిన సరుకు మేలు.

ద్రావకం, నీళ్లు

ఎక్కువ ప్రమాదాలు రియాక్టర్ దగ్గర కాదు, ఆరబెట్టే చోట జరుగుతాయి. హెక్సేన్ 69 డిగ్రీలకే మరుగుతుంది, సున్నాకు 20 డిగ్రీలు కింద కూడా దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. గాలిలో 1.1 శాతం ఉంటే చాలు, పేలుతుంది. ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న స్విచ్చిని వెతుక్కుంటుంది. కాబట్టి హెక్సేన్ పిప్పిని మామూలు కరెంటు ఓవెన్‌లో ఎప్పుడూ పెట్టకండి. ఆరుబయట, నీడలో, చుట్టుపక్కల మంట, మోటారు లేనిచోట పల్చగా పరిచి పూర్తిగా ఒక రోజు వదిలేయండి. తర్వాత నీటి ఆవిరి పంపుతూ 85 నుంచి 90 డిగ్రీల దగ్గర మిగతాది తరిమేయాలి. పోయిందో లేదో తెలుసుకోవడానికి 50 గ్రాములు మూత బిగించిన సీసాలో వేసి, 60 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచి, మూత తీసిన వెంటనే మండే వాయువుల మీటరు పెట్టండి. ముల్లు కదిలితే ఇంకా ఉన్నట్టే. ముక్కును నమ్ముకోవద్దు.

క్లోరోఫాం, మెథనాల్ కలిపి నూనె తీసిన పిప్పి అయితే మరీ జాగ్రత్త. మిగిలిన క్లోరోఫాం రియాక్టర్ వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది, స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది.

ఇక నీళ్లు. సెంట్రిఫ్యూజ్ నుంచి వచ్చే ముద్దలో ఎండు సరుకు 20 శాతమే అనుకుంటే, కిలో ఎండు పిప్పికి నాలుగు కిలోల నీళ్లు ఆవిరి కావాలి. కిలో నీటికి 2.6 మెగాజౌళ్ల చొప్పున 10.4 మెగాజౌళ్లు. పిప్పిలో ఉన్నదే ఇరవై ప్రాంతం, ఆరబెట్టడానికే సగం పోయింది, అదీ డ్రయ్యర్ నష్టాలు కలపకుండా. కరెంటుతోనో గ్యాస్‌తోనో ఆరబెట్టి పైరోలిసిస్ చేస్తే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. ఎండ ఉన్నచోటే ఈ పని. ఎండ లేకపోతే ముద్దను తడిగానే 280 నుంచి 350 డిగ్రీల దగ్గర, 100 నుంచి 200 బార్ల పీడనంలో ఉడికించే హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్ పద్ధతి ఉంది, కానీ ఆ పీడనానికి తగిన పాత్ర షెడ్డులో చేయించుకునేది కాదు.

ఎండబెట్టడానికి స్పిరులినా రైతులు వాడే ఉపాయమే పనికొస్తుంది. ముద్దను జంతికల గొట్టంలో వేసి 2 నుంచి 3 మిల్లీమీటర్ల తీగలుగా నైలాన్ వల మీద వత్తండి. కింద నుంచి కూడా గాలి ఆడుతుంది, వేసవి ఎండకు ఒక్క రోజులో పెళుసెక్కుతుంది. ముద్దను పళ్లెంలో పరిస్తే పైన అట్ట కట్టి లోపల పులుస్తుంది. ఎండిన తీగలను సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా విరవండి, పొడి చేయకండి. పొడి రియాక్టర్‌లోంచి గ్యాస్‌తో పాటు లేచి, ఆవిరిని చల్లార్చి ద్రవంగా దింపే కండెన్సర్‌లో చేరి నూనెను బురద చేస్తుంది. తేమ 8 శాతం లోపు వచ్చాక డబ్బాలో వేసి మూత పెట్టండి. నాచు పిప్పి గాలిలో తేమను మళ్లీ పీల్చుకుంటుంది.

సామాను

రియాక్టర్‌కు 4 అంగుళాల షెడ్యూల్ 40 స్టెయిన్‌లెస్ పైపు, 60 సెంటీమీటర్ల పొడవు. లోపలి వ్యాసం 102 మిల్లీమీటర్లు, పట్టేది దాదాపు 5 లీటర్లు. ఎస్ఎస్ 304 చాలు, 310 దొరికితే ఎక్కువ కాలం ఉంటుంది. కింద వెల్డు చేసిన మూత, పైన బోల్టులతో బిగించే ఫ్లాంజ్. గ్యాస్కెట్ గ్రాఫైట్‌దే ఉండాలి. టెఫ్లాన్ 260 డిగ్రీలు దాటితే పనికిరాదు, రబ్బరు మాట ఎత్తొద్దు. ఎక్కువ సరుకు పడుతుందని పైపు వ్యాసం పెంచకండి. ఎండు పిప్పి వేడిని లోపలికి సరిగా పంపదు. వ్యాసం రెట్టింపైతే నడిమధ్యకు వేడి చేరే సమయం సుమారు నాలుగింతలవుతుంది, అంచున మాడి మధ్యలో పచ్చిగా ఉంటుంది.

పైపు చుట్టూ మొత్తం 3 కిలోవాట్ల సెరామిక్ బ్యాండ్ హీటర్లు, వాటి మీద 10 సెంటీమీటర్ల మందాన సెరామిక్ ఉన్ని. వేడిని కొలిచే కె రకం థర్మోకపుల్స్ రెండు: ఒకటి పైపు గోడకు, రెండోది పై మూత నుంచి నడిమధ్యలోకి దిగే, కొస మూసిన సన్నని స్టీలు గొట్టంలో. హీటర్లను అదుపు చేసే పీఐడీ కంట్రోలర్‌ను గోడ థర్మోకపుల్‌కే కలపండి. మధ్య థర్మోకపుల్‌కు కలిపితే, అది 480 చూపించేలోగా గోడ 650 దాటిపోతుంది, అక్కడ తగిలిన ఆవిరంతా గ్యాస్ అయిపోతుంది.

గాలిని తరిమే నైట్రోజన్ వాయువు అడుగు నుంచి లోపలికి, ఆవిరి పై నుంచి బయటికి. బయటి గొట్టం లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కండెన్సర్ దాకా వీలైనంత పొట్టిగా, వాలుగా పెట్టి, 350 డిగ్రీల దగ్గర ఉంచే హీటింగ్ టేపు చుట్టండి. ఈ గొట్టం చల్లబడిన చోటే తారు పేరుకుంటుంది.

కండెన్సర్ల గురించి ఒక మాట. ఇత్తడి ఫిట్టింగులు, రాగి చుట్టలు వాడకండి. ప్రొటీను విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది, అది రాగిని నీలం నీళ్లుగా కరిగించేస్తుంది. అన్నీ స్టెయిన్‌లెస్ లేదా గాజు. మొదటి పాత్ర 70 డిగ్రీల నీళ్లలో ఉంటే చిక్కటి నూనె దిగుతుంది. రెండోది ఐసునీళ్లలో ఉంటే నీళ్లు, పల్చటి నూనె దిగుతాయి. దాని వెనక గాజు ఉన్ని కూరిన చిన్న గొట్టం పెట్టండి, పొగలా తేలిపోయే నూనె తుంపర్లు అందులో ఆగుతాయి. అది లేకపోతే తెల్లటి పొగ ముందుకు సాగుతుంది, మీ నూనెలో కొంత దానితో పోతుంది.

ఆ తర్వాత వరుసగా ఒక ఖాళీ సీసా, పల్చటి సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న బుడగల సీసా, ఇంకో ఖాళీ సీసా, 10 శాతం కాస్టిక్ సోడా ఉన్న బుడగల సీసా, మంట ఎదురు పాకకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్, చివర ఎప్పుడూ వెలిగే చిన్న బర్నర్. ఖాళీ సీసాలు ఎందుకంటే, హీటర్ ఆగి రియాక్టర్ చల్లబడితే లోపల పీడనం తగ్గి ద్రవాలు వెనక్కి పీల్చుకుంటాయి. 450 డిగ్రీల రియాక్టర్‌లోకి నీళ్లు చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రియాక్టర్ మూత మీద పీడనం గేజీ, దాని పక్కన 20 సెంటీమీటర్ల నీటి సీలు (కొస అంత లోతు నీళ్లలో మునిగిన గొట్టం) పెట్టండి. ఎక్కడైనా పూడుకుంటే గ్యాస్ అక్కడి నుంచి బయటపడాలి. ఆ సీలు గొట్టం నోరు మనుషులు లేని వైపు, షెడ్డు బయట ఉండాలి.

కాస్టిక్ సోడా సీసా అలంకారం కాదు. నత్రజని ఎక్కువున్న పిప్పిని కాస్తే గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా ఉంటుంది, వేడి పెంచేకొద్దీ అదీ పెరుగుతుంది. చేదు బాదం వాసన వస్తుందంటారు గానీ ఆ వాసన చాలామందికి పుట్టుకతోనే తెలియదు. రెండు వైపులా తెరిచి ఉన్న షెడ్డులోనే పని చేయాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం చొక్కాకు తగిలించుకోవాలి, పక్కన రెండో మనిషి ఉండాలి.

బ్యాచ్ నడపడం

కిలో ముక్కలు తూచి నింపండి. పైపులో సగానికి మించి రాకూడదు. ప్రొటీను ఎక్కువున్న పిప్పి 250 డిగ్రీలు దాటాక మెత్తబడి, పొంగి, నురగలా పైకి లేచి గట్టిపడుతుంది. పూర్తిగా నింపితే ఆ పొంగు బయటి గొట్టాన్నే మూసేస్తుంది. మొదటి బ్యాచ్‌లో పొంగు కనిపిస్తే, తర్వాతి బ్యాచ్‌లో అంతకుముందు వచ్చిన బొగ్గునే 200 గ్రాములు కలిపి నింపండి, ముక్కలు ఒకదానికొకటి అంటుకోవు.

మూత బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు దఫాలుగా బిగించండి. బయటి మార్గం, సీలు మూసి నైట్రోజన్‌తో 0.3 బార్ పెట్టి, అన్ని జాయింట్లకూ సబ్బు నురగ రాయండి. పది నిమిషాల్లో గేజీ ముల్లు పడిపోకూడదు. తర్వాత మార్గం తెరిచి నిమిషానికి 3 లీటర్ల చొప్పున పావుగంట నైట్రోజన్ వదలండి. లోపలి గాలి పోయిందన్న నమ్మకం కుదిరాకే హీటర్, ఆ తర్వాతే బర్నర్. అప్పటి నుంచి నైట్రోజన్ నిమిషానికి లీటరు చాలు. రాత్రి చల్లారేటప్పుడు వదిలేదీ కలిపితే ఒక బ్యాచ్‌కు నాలుగు వందల లీటర్ల దాకా పడుతుంది. 7 ఘనమీటర్ల సిలిండర్ పదిహేను బ్యాచ్‌లకు పైగా వస్తుంది.

నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 150 దాకా తెచ్చి, అక్కడ అరగంట ఆపండి. మిగిలిన తేమ ఇక్కడే దిగిపోతుంది. రెండో పాత్రలో చేరిన ఈ నీళ్లను తీసి తూచి రాసుకోండి, నూనెలో కలవనివ్వకండి. పాత్ర మార్చేటప్పుడు నైట్రోజన్ ఆపొద్దు.

మళ్లీ నిమిషానికి 10 డిగ్రీలు. 200 నుంచి పిండి పదార్థాలు, ప్రొటీను విరగడం మొదలవుతుంది. 250, 400 మధ్య ఆవిరి ఉధృతంగా వస్తుంది. బుడగలు లెక్కపెట్టలేనంతగా వచ్చినా, రెండో కండెన్సర్ వెనక తెల్లపొగ కనిపించినా నిమిషానికి 5 డిగ్రీలకు తగ్గించండి. మిగిలిన కొవ్వు 350, 450 మధ్య వస్తుంది. గోడ 490 చేరాక అక్కడే ఆపి, మధ్య థర్మోకపుల్ 470 దాటేదాకా ఆగండి. దానికి ముప్పావు గంట పట్టొచ్చు. ఆ తర్వాత బుడగలు నైట్రోజన్ వేగానికి పడిపోయి, బర్నర్ మంట సన్నగిల్లితే పని అయిపోయినట్టు.

ఎందుకు 480 ప్రాంతమే అంటే, 400 దగ్గర ఆపితే బొగ్గులో ఇంకా విరగని ప్రొటీను ముక్కలుంటాయి. డబ్బా మూత తీస్తే వెంట్రుకలు కాలిన వాసన కొడుతుంది. 600కి తీసుకెళితే నూనె ఆవిరి విరిగి గ్యాస్ అవుతుంది, సైనైడ్ పెరుగుతుంది.

హీటర్ ఆపాక నైట్రోజన్ నిమిషానికి 0.3 లీటర్లకు తగ్గించి రాత్రంతా చల్లారనివ్వండి. 50 డిగ్రీల కిందికి రాకుండా మూత విప్పొద్దు. తాజా బొగ్గు గాలి తగిలితే తనంతట తానే రాజుకుంటుంది. తీసిన బొగ్గును ఇనప డబ్బాలో మూత పెట్టి, మరో రోజు షెడ్డు బయట ఉంచాకే సంచికి ఎత్తాలి.

దారిలో వచ్చే చిక్కులు

పీడనం మెల్లగా పెరుగుతూ, మొదటి కండెన్సర్‌లో చుక్క పడటం ఆగితే వేడి గొట్టంలో తారు గడ్డకట్టినట్టు. టేపు పనిచేస్తోందా చూడండి, 380 దాకా పెంచండి. నీటి సీలు బుడగలు వదలడం మొదలైతే ఇక ఆలోచించొద్దు, హీటర్ ఆపేయండి.

పీడనం ఐసు పాత్ర వెనక పెరిగితే కారణం వేరు. అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి చల్లటి గొట్టంలో కలిస్తే అమ్మోనియం బైకార్బనేట్ తెల్లటి స్ఫటికాలుగా గోడకు పేరుకుంటుంది. టైరు, ప్లాస్టిక్ పైరోలిసిస్ చేసినవాళ్లకు ఇది కొత్త. తారు అనుకుని ఎసిటోన్ పోస్తే కరగదు. బ్యాచ్ అయ్యాక 60 డిగ్రీల వేడినీళ్లు పోస్తే ఇట్టే పోతుంది. బ్యాచ్ మధ్యలో పూడితే గొట్టం బయట వేడినీళ్ల గుడ్డ చుట్టండి, స్ఫటికాలు విడిపోయి గ్యాస్‌గా ముందుకు పోతాయి. ఆ భాగంలో గొట్టం 12 మిల్లీమీటర్ల కంటే సన్నగా పెట్టకపోతే ఈ బాధ చాలా తగ్గుతుంది.

నూనె తక్కువ, బొగ్గు ఎక్కువ వస్తే ముందు బూడిద అంకె చూడండి. అది బాగానే ఉంటే నైట్రోజన్ తక్కువైనట్టు. ఆవిరి రియాక్టర్‌లో ఎక్కువసేపు తిరుగుతూ బొగ్గు మీద మళ్లీ గట్టిపడుతోంది.

ఏమొచ్చింది, ఎంతొచ్చింది

లెక్క ఎలా వేయాలో ఒక నమూనా. 8 శాతం తేమ, ఎండు బరువు మీద 12 శాతం బూడిద ఉన్న కిలో పిప్పిలో ఎండు సరుకు 920 గ్రాములు, బూడిద 110, నిజంగా విరిగేది 810. బొగ్గు 330 గ్రాములు, నూనె 260, నీళ్లు మొదట తీసినవి కలిపి 260 వచ్చాయనుకుందాం. తేడా 150 గ్రాములు గ్యాస్. నూనె దిగుబడిని 810 మీద లెక్కిస్తే 32 శాతం. ఎవరైనా 50 శాతం వచ్చిందంటే అందులో నీళ్లు కలిపారా అని అడగండి. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో (గ్యాస్ ఊదుతూ తేల్చిన వేడి ఇసుకలో) వేగంగా కాస్తే మొత్తం ద్రవం సగం దాకా రావచ్చు గానీ, ఇలాంటి నిదానపు బ్యాచ్‌లో నీళ్లు తీసేసిన నూనె పావు వంతు వస్తే సరిగ్గా నడిచినట్టే. తూకాలు పెట్టకుండా కండెన్సర్లను ఎసిటోన్‌తో కడగొద్దు. ఖాళీ పాత్రలు ముందే తూచి ఉండాలి.

నూనెను 50 డిగ్రీల దగ్గర సెపరేటింగ్ ఫనెల్‌లో రాత్రంతా ఉంచితే నీళ్ల నుంచి విడిపోతుంది. రెండింటి సాంద్రతా దగ్గరదగ్గరే, నూనె పైకి తేలుతుందో కింద పడుతుందో ముందే చెప్పలేం. చుక్క నీళ్లలో వేసి చూసుకోండి. మధ్యలో విడని పొర ఉంటే సోడియం సల్ఫేట్ కొద్దిగా వేయండి. వంటింటి ఉప్పూ విడగొడుతుంది కానీ నూనెలో మిగిలే క్లోరైడ్ తర్వాత బర్నర్ నాజిల్‌ను తింటుంది.

విడదీసిన నూనెకు కిలోకు 30 నుంచి 35 మెగాజౌళ్లు ఉంటాయి, డీజిల్‌కు 45. అంకె చూసి మురిసిపోకండి. ఇందులో నత్రజని 6 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, పిరోల్‌లు, ఇండోల్‌లు, నైట్రైల్‌లు, అమైడ్‌ల రూపంలో. ఇది డీజిల్ ఇంజిన్‌లో పోసేది కాదు. ఇంజెక్టర్లలో జిగురు కడుతుంది, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు విపరీతంగా వస్తాయి. ఫర్నేస్ ఆయిల్‌లో కొద్ది శాతం కలిపి పెద్ద బాయిలర్‌లో కాల్చడమే దీనికి తగిన పని. నిజంగా డీజిల్ చేయాలంటే నికెల్-మాలిబ్డినం ఉత్ప్రేరకం మీద, 350 నుంచి 400 డిగ్రీల దగ్గర, వంద బార్లకు పైగా హైడ్రోజన్‌తో శుద్ధి చేయాలి, అది రిఫైనరీ పని. నిల్వ ఉంచితే నూనె నల్లబడి చిక్కబడుతుంది. 10 శాతం మెథనాల్ కలిపి, నిండా నింపిన స్టీలు డబ్బాలో, చల్లటి చోట పెడితే ఆ చిక్కబడటం నెమ్మదిస్తుంది.

నత్రజని తగ్గించడానికి చేతిలో ఉన్న చవక ఉపాయం వేరుశనగ పొట్టు. అనంతపురం వైపు దానికి కొదవలేదు. సగం సగం కలిపి కాస్తే ప్రొటీను వాటా సగానికి పడిపోతుంది, పొట్టు నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం అమ్మోనియాను కొంత పట్టుకుంటుంది. వరి ఊక వద్దు, అందులోని సిలికా బూడిదను పెంచడం తప్ప ఉపకారం లేదు.

బొగ్గులో భాస్వరం, పొటాష్, కొంత నత్రజని మిగులుతాయి, పొలానికి మంచిదే. కానీ ముందు ఒక వంతు బొగ్గు, పది వంతుల నీళ్లు కలిపి విద్యుత్ వాహకత చూడండి. సముద్రపు నాచు బొగ్గు అయితే ఉప్పు తేలుతుంది, చౌడు భూముల్లో వేయకూడదు. హుస్సేన్‌సాగర్ లాంటి పారిశ్రామిక వ్యర్థాలు చేరిన చెరువుల నుంచి తీసిన నాచు బొగ్గును లోహాల పరీక్ష చేయించకుండా ఏ పొలానికీ ఇవ్వొద్దు. కాడ్మియం, సీసం లాంటివి ఈ వేడికి చాలావరకు బొగ్గులోనే కూడతాయి.

నీళ్ల భాగం పసుపు గోధుమ రంగులో, అమ్మోనియా ఘాటుతో, క్షార గుణంతో ఉంటుంది. ఎరువు నీళ్లు కదా అని నాచు తొట్టెలో పోస్తే పంట చస్తుంది, ఫినాల్‌లూ పిరిడీన్‌లూ ఉన్నాయి. 500 రెట్లు పలచన చేసి, చిన్న సీసాలో వారం పరీక్షించాకే తొట్టె సంగతి. కాస్టిక్ సోడా సీసాలోది సైనైడ్ ద్రావణం అనుకునే వ్యవహరించండి. ఆమ్లం సీసాతో ఎప్పుడూ కలపొద్దు, సైనైడ్ వాయువు మళ్లీ పైకి లేస్తుంది. పీహెచ్ 11 పైన ఉందో లేదో చూసి, ఆరుబయట బ్లీచింగ్ ద్రావణం కలిపి రాత్రంతా వదిలేస్తే సైనైడ్ విరుగుతుంది. అమ్మోనియా ఉన్న నీళ్లలో మాత్రం బ్లీచింగ్ వేయకండి, విషవాయువు పుడుతుంది.

కిలో నుంచి పెద్దదానికి

కిలో బ్యాచ్‌లో ఇంధనం మిగలదు. ఫ్లాంజ్‌లతో కలిపి స్టీలు 24 కిలోలుంటే దాన్ని 500కు తేవడానికే 5.7 మెగాజౌళ్లు, నష్టాలు కలిపితే మీటరు నాలుగైదు యూనిట్లు తిరుగుతుంది, అంటే 14 మెగాజౌళ్ల పైమాటే. చేతికొచ్చిన 260 గ్రాముల నూనెలో ఉన్నది 8.6. ఈ సైజు మీ పిప్పి ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి మాత్రమే. పొంగు ఎంత, తెల్ల స్ఫటికాలు ఎంత, నూనె ఎంత అన్నవి కనీసం మూడు బ్యాచ్‌లలో ఒకేలా వచ్చాక, గంటకు 10 నుంచి 20 కిలోలు నడిచే ఆగర్ రియాక్టర్ (తిరిగే మరతో సరుకును ఆగకుండా ముందుకు తోసేది) గురించి మాట్లాడాలి. అందులో స్టీలును ఒక్కసారే కాస్తాం. ఆ తర్వాత కిలో ఎండు పిప్పికి రెండు మెగాజౌళ్ల లోపు వేడి చాలు. పిప్పి గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడే ఎక్కువ కాబట్టి గ్యాస్ ఒక్కటే ఆ వేడి ఇవ్వలేదు, బొగ్గులో కొంత కాల్చాల్సి వస్తుంది.

పారిశ్రామికవాడల్లో అమ్మకానికొచ్చే పాత టైరు పైరోలిసిస్ యంత్రాలు చవగ్గా కనిపిస్తాయి. టైరు సరుకు పొడిగా ఉంటుంది, దాని నుంచి నీళ్లూ అమ్మోనియా ఇంతింత రావు. ఆ మైల్డ్ స్టీలు కండెన్సర్లను ఈ తడి ఆవిరి తుప్పు పట్టిస్తుంది, ఆ పెద్ద డ్రమ్ము నడిమధ్యకు వేడి చేరదు. కొనాలనే ఉంటే డ్రమ్ము, బర్నర్ వరకే బేరమాడండి. కండెన్సర్లు, గొట్టాలు, గ్యాస్‌ను కడిగే స్క్రబ్బర్ కొత్తగా స్టెయిన్‌లెస్‌తో చేయించాలి, ఆగర్ వేరే పెట్టాలి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతికి అర్జీ పెట్టేటప్పుడు గ్యాస్‌లో సైనైడ్, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్ల కొలతలు జతచేయండి. మూడు బ్యాచ్‌ల కాలంలోనే వాటిని ల్యాబ్‌తో కొలిపించి ఉంచుకోవాలి.